ఊదారంగు రాయి దొరికిన రోజు

మూడేళ్ల కిందటి మాట. మాది నిజామాబాద్. నేనూ, పక్కింటి రహీమా అక్కా ఒకే అరుగు మీద కూర్చుని బీడీలు చుడతాం. ఆమె భర్త ఉంగరాలకు రాళ్లు పొదుగుతాడు. ధర్పల్లి దగ్గర మూతబడ్డ ఒక క్వారీలో రంగురాళ్లు దొరుకుతాయని ఆయనే చెప్పాడు. ఒక ఆదివారం మేమిద్దరం గడ్డపార, జల్లెడ పట్టుకుని వెళ్లాం.

మధ్యాహ్నం దాకా తెల్లటి పలుగురాళ్లే దొరికాయి. తర్వాత, నిలువుగా ఉన్న మట్టిగట్టు కింద నాకొక ఊదారంగు రాయి కనిపించింది. దాన్ని పెకలించి చేతిలోకి తీసుకుంటుండగానే పక్కన పెద్ద శబ్దమైంది. గట్టు విరిగిపడి రహీమా అక్క తొడల దాకా మట్టిలో కూరుకుపోయింది. పైనుంచి ఇంకా పెళ్లలు రాలుతున్నాయి.

"చెల్లె, చెయ్యియ్యి! జల్ది గుంజు!" అని అరిచింది.

నేను వెంటనే చెయ్యి ఇవ్వలేదు. ముందు ఆ రాయిని కొంగున ముడేసి, బొడ్లో దోపుకున్నాను. ఆ తర్వాతే పరుగెత్తి ఆమెను బయటికి లాగాను. నాలుగడుగులు వేశామో లేదో, మిగిలిన గట్టంతా ఆమె ఇరుక్కున్న చోటే కూలింది.

అక్క నన్ను పట్టుకుని ఏడ్చింది. "నువ్వు లేకుంటే గీడనే ఖతమైతుంటి చెల్లె" అంది.

"గట్లనకు అక్కా" అన్నాను.

ఆమెకు నిజం చెప్పే ధైర్యం లేక ఇక్కడ రాస్తున్నాను. నేను తన ప్రాణం కాపాడానని ఆమె ఇప్పటికీ వాడకట్టంతా చెబుతుంది. విన్నప్పుడల్లా నేను తల దించుకుంటాను. అందరూ దాన్ని నా అణకువ అనుకుంటారు.