బొమ్మను బొమ్మగానే తెరవమన్న మేడం

మా కంప్యూటర్ మేడం ఇక లేరని మొన్న తంగళ్ళపల్లి నుంచి వాళ్ళ తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. కోరుట్ల బస్టాండు దగ్గర మేడ మీద ఆమె నడిపిన సెంటర్లోనే నేను ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాను.

మేడం బోర్డు జోలికి పోయేవారు కాదు. మా పక్కకు కుర్చీ లాక్కుని, "మొదలు ఫైలు సైజు జూడు. మిషిన్‌ను తర్వాత తిడుదువు" అనేవారు. టీ చల్లారితే గానీ తాగేవారు కాదు.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. బస్సులు బంద్. ముత్యంపేట నుంచి ఒకామె ఎవరి బండి మీదో వచ్చింది. దుబాయ్‌లో పనిచేసే భర్త తలకు దెబ్బ తగిలి దవాఖానలో ఉన్నాడు. అంతకుముందు ఇక్కడ ఒకసారి తలకు ఆపరేషన్ అయింది. ఆ పాత స్కానింగ్ బొమ్మలు చూడందే కత్తి పట్టేది లేదన్నారట అక్కడి డాక్టర్లు. బొమ్మలున్న సీడీని కొంగులో చుట్టి తెచ్చింది.

ఫైలు పెద్దది, నెట్ నత్తనడక. పెద్ద ఫైలును ముక్కలు చేసే ప్రోగ్రామ్ ఒకటి మేడం ఇంట్లో లినక్స్ ఉన్న కంప్యూటర్‌లో రాసి పెట్టుకున్నారు. దాన్నే సెంటర్లోని విండోస్ మీద నడిపి, ముక్కలను దుబాయ్‌లో అతని స్నేహితుడికి మెయిల్ చేశారు. మధ్యాహ్నానికి ఆ స్నేహితుడి ఫోన్. "అన్నీ కలిపిన మేడం, బొమ్మ తెరుసుకుంటలేదు."

ముత్యంపేట ఆమె లేచి దగ్గరకొచ్చింది. "నా సీడీ ఖరాబైందా మేడం?"

"సీడీ మంచిగనే ఉంది చెల్లె. తప్పు నాది. జర సేపు కూసో."

చూస్తే, ముక్కలన్నీ కలిపినా అసలు సైజు రాలేదు. మేడంకు వెంటనే అర్థమైంది. ఆ ప్రోగ్రామ్ బొమ్మను అక్షరాల ఫైలులా తెరుస్తోంది. లినక్స్‌కు ఎలా తెరిచినా ఒకటే, ఉన్నది ఉన్నట్టు చదువుతుంది. విండోస్ మాత్రం అక్షరాలే అనుకుని పంక్తి చివరి గుర్తులను తన పద్ధతికి మార్చేస్తుంది. ముగింపు గుర్తులాంటి అంకె కనబడితే అక్కడితో ఆగిపోతుంది. బొమ్మలో అలాంటి అంకెలు ఎన్నైనా ఉంటాయి.

మేడం ఫైలు తెరిచే చోటా, రాసే చోటా 'బి' అనే అక్షరం చేర్చారు. బి అంటే బైనరీ. "దేన్నీ ముట్టకు, ఉన్నదున్నట్టు తీస్కపో అని చెప్పుడన్నట్టు," అన్నారు మాతో. ఈసారి ముక్కలను ముందు మా సెంటర్లోనే కలిపి, సైజు సరిచూసి, బొమ్మ తెరుచుకున్నాకే పంపారు.

ఆపరేషన్ అయింది. కొన్నాళ్ళకు అతను సెంటర్‌కే ఫోన్ చేశాడు. ముందే కబురంది వచ్చి కూర్చున్న ఆమె ఫోన్ అందుకుంది. అప్పుడే కింద రోడ్డు మీద ఊరేగింపు, డప్పులు, నినాదాలు. అతని గొంతు ఆమెకు వినబడలేదు. మేడం గబగబా మెట్లు దిగి, జనం ముందు నిలబడి రెండు చేతులూ ఎత్తారు.

"జర ఆగుండ్రి! దుబాయ్ దవాఖానల ఉన్నాయన పెండ్లాంతోని మాట్లాడుతుండు."

డప్పులు ఆగాయి. జెండాలు ఎత్తినవాళ్ళు ఎత్తినట్టే నిలబడ్డారు. పైనుంచి ఆమె గొంతొక్కటే రోడ్డంతా వినబడింది.

"తిన్నవా?"