చొక్కాజేబులో మాత్ర

జమ్మలమడుగు పక్క పల్లెలో ఓబుళరెడ్డిని అందరూ డాక్టరనే పిలుస్తారు. చదివింది ఇంటరు. చొక్కాజేబులో ఎప్పుడూ చిన్న కత్తెర, స్టెరాయిడ్ మాత్రల అట్ట ఉంటాయి. నొప్పులన్నవాళ్లకు ఒక్కో మాత్ర కత్తిరించి, అరచేతిలో పెట్టి, వాళ్ల వేళ్లు తానే మూసి, "పొద్దున్నే లేచి తిరుగుతావు పో" అంటాడు. ఊళ్లోవాళ్లకు రెండు మూడు రోజులకు మించి ఇవ్వడు. తల్లిలా పెంచిన అక్క రామసుబ్బమ్మకు మాత్రం మోకాళ్లకని ఏళ్ల తరబడి రోజూ తన చేత్తోనే ఇచ్చాడు. ఆమె ముఖం గుండ్రంగా నిండుతుంటే ఒంటికి పట్టిందని మురిసిపోయాడు.

నెల్లాళ్లుగా తగ్గని తలనొప్పితో, వాంతులతో ఆమెను ప్రొద్దుటూరు ఆసుపత్రిలో చేర్చారు. వెన్నులోంచి నీరు తీసి పరీక్ష చేశారు.

"మెదడు పొరల్లోకి ఫంగస్ చేరింది. మందు ఎక్కిస్తాండాం, బతుకుతాదని మాత్రం చెప్పలేను," అంది డాక్టరమ్మ. "ముఖం ఉబ్బు చూస్తేనే తెలుస్తాంది. స్టెరాయిడ్లు మింగీ మింగీ ఒంట్లో తట్టుకునే శక్తి పోయింది. ఎవరిచ్చినారు ఈమెకు?"

ఓబుళరెడ్డి చెయ్యి దానంతటదే జేబును గట్టిగా అదుముకుంది. లోపల అట్ట చిటపటలాడింది.

ఆ చప్పుడు వినగానే మంచం మీద రామసుబ్బమ్మ కళ్లు తెరవకుండానే అరచెయ్యి చాచింది.

"ఓబుళా, వచ్చినావా? తల పగిలిపోతాంది. నీ మాత్ర ఒకటియ్యి నాయనా."