షట్టర్ లోపల అవ్వ కళ్లు

నమ్మకపోతే మీ ఇష్టం. నన్ను పెంచిన మా అవ్వ మీద ఒట్టు, ఒక్క ముక్క కల్పించడం లేదు...

అప్పట్లో నార్కట్‌పల్లిలో రోడ్డు పక్కన చిన్న దుకాణం మడిగె కిరాయికి తీసుకుని ఆయిల్ రంగులతో ముఖాలు వేయడం నేర్చుకుంటున్నాను. ఇంప్రెషనిస్టు పద్ధతి. రంగును నున్నగా రుద్దకూడదు, ముద్దలు ముద్దలుగా పెట్టాలి. దగ్గర నుంచి అన్నీ మరకలే. నాలుగడుగులు వెనక్కి వేస్తేనే మనిషి కనిపిస్తుంది.

మొదటి బొమ్మ అవ్వది. ఆమె పోయినప్పుడు నాయిన గొర్రెల మందతో కృష్ణా నది వైపు మేపుకు వెళ్లాడు, కన్నతల్లి కడసారి మాట ఆయనకు దక్కలేదు. ఉన్న ఒకే ఒక్క ఫోటో ఆమె పోయాక కుర్చీలో కూర్చోబెట్టి, దండ వేసి తీసింది.

"జర కండ్లు తెరిచినట్టు ఎయ్యి బిడ్డా. ఒక్కసారన్న నన్ను సూడాలె," అన్నాడు నాయిన.

ఆ సాయంత్రం కళ్లు వేశాను. తెరిచిన కళ్లే. తడి రంగుకు లారీల దుమ్ము అంటుకుంటుందని షట్టర్ లోపలి నుంచి దించాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది... నేను వెళ్లిపోయాననుకుని మడిగె యజమాని బయట తాళం వేశాడు. అరిచేలోపే అతని బండి కదిలింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. కాసేపటికి కరెంటూ పోయింది.

కిటికీ లేదు. రంగుల్లో కలిపే టర్పెంటైన్ వాసన. ఊపిరి ఆడటం లేదు. షట్టర్‌కు వీపు ఆనించి నిలబడ్డాను.

సర్...

ఆగింది.

సర్... సర్...

కాన్వాసు మీద కుంచె ఆడే చప్పుడు. నాకు బాగా తెలుసు.

కుంచె నా చేతిలోనే ఉంది.

ఫోన్ లైటు వేశాను. అవ్వ కళ్లు మూసుకుని ఉన్నాయి. దగ్గరికి పోవాలంటే భయం... వెనక్కి జరగడానికి జాగా లేదు. ఫోన్ ఆరిపోయేదాకా లైటు తీయలేదు. ఆ తర్వాత చేతులు వాచేలా షట్టర్ బాదుతూనే ఉన్నాను.

పొద్దున యజమాని తాళం తీశాడు. జరిగింది చెబితే, ఆ వాసనకు తల తిరిగి కళ్లు నేనే దిద్ది ఉంటానన్నాడు. అయ్యుండొచ్చు. సరిచేసేలోపే నాయిన వచ్చేశాడు. ఆగమన్నా వినకుండా బొమ్మ ముందు నిలబడ్డాడు. కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"నన్నే సూస్తాంది రా," అన్నాడు.

బొమ్మ ఇప్పుడు మా ఇంటి గోడకు ఉంది. అమ్మకూ తెరిచిన కళ్లే కనిపిస్తాయట. నేను దగ్గర నుంచి చూశాను... దూరం నుంచి చూశాను... నాకు మాత్రం మూసే ఉన్నాయి. పెంచిన మనిషి నన్నే ఎందుకు చూడదో ఇప్పటికీ తెలియదు.