కూత ఒక్కటే మిగిలిన మేష్టారు

2022 వానాకాలం. శ్రీకాకుళంలో నా క్లినిక్ పెట్టి అప్పటికి పదేళ్ళు దాటింది. మందుల షాపు పక్కన రెండు గదులు, ముందు చిన్న వసారా. నేను స్పీచ్ థెరపిస్టుని. మాట పోయిన పెద్దవాళ్ళకు, మాట ఆలస్యమైన పిల్లలకు మాట తెప్పించడం నా పని. ఊళ్ళో అందరూ 'మాటల డాక్టరమ్మ' అంటారు. ఒకసారి ఒక పెద్దావిడ వచ్చి, మా కోడలికి మాట తగ్గించే మందేమైనా ఉందా అని చెవిలో అడిగింది. ఉంటే ముందు మా ఇంట్లో నాకే తాగించేవారమ్మా అన్నాను.

ఆ వానల్లో ఒక ఉదయం వసారా ముందు ఆటో ఆగింది. ఖాకీ ప్యాంటు మీద మామూలు చొక్కా వేసుకున్న మనిషి ఒకాయన దిగి, లోపలున్న పెద్దాయన్ని చంటిపిల్లాడిని ఎత్తినట్టు ఎత్తుకుని నేరుగా నా గదిలోకి తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు. వీల్‌చైరు ఉందని నేను చెప్పేలోపే ఆ పని అయిపోయింది. తెచ్చినాయన పేరు ధర్మారావు, హెడ్ కానిస్టేబులు. పెద్దాయన పాపినాయుడు మేష్టారు, రిటైరైన డ్రిల్లు మేష్టారు; ధర్మారావు ఆయన పాత శిష్యుడు. వెనకాల తడిసిన గొడుగు మడుస్తూ వచ్చినావిడ ఆయన భార్య సత్యవతి గారు.

పేరు వినగానే నాకు తెలిసింది. తీరం వైపు ఊళ్ళలో పాపినాయుడు మేష్టారి పేరు తెలియని ఇల్లు ఉండదు. సర్కారు హైస్కూలు పిల్లలతో, అందులోనూ ఆడపిల్లలతో, కబడ్డీ జట్లు కట్టి ఎక్కడికి తీసుకెళితే అక్కడ కప్పు తెచ్చేవాడు. ఆయన చేతికింద ఆడినవాళ్ళు పోలీసుల్లో ఉన్నారు, రైల్వేలో ఉన్నారు. ఆయన చేతికింద దెబ్బలు తిని బడి మానేసినవాళ్ళూ ఉన్నారు. పోటీకి బరువు తూచే రోజు ముందు పిల్లలకు అన్నం పెట్టనిచ్చేవాడు కాదని, బెత్తం విరిగితే ఆ విరిగిన ముక్కతోనే కొట్టేవాడని చెప్పుకునేవారు. నాకు అలాంటి మేష్టార్లంటే చిన్నప్పటి నుంచీ పడదు. మా బళ్ళో డ్రిల్లు మేష్టారి ఈల వినబడితే నాకు కడుపునొప్పి వచ్చేది. అయినా పేషెంటు పేషెంటే.

మేష్టారికి పక్షవాతం వచ్చి మూడు నెలలైంది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. దాంతోపాటు మాట కూడా. దీన్ని మేం అఫేజియా అంటాం. గొంతు బాగానే ఉంటుంది, తెలివి బాగానే ఉంటుంది. చెప్పాల్సిన సంగతి మనసులో ఉంటుంది, దానికి తగిన మాట మాత్రం నోటికి రాదు. వాకిట్లో నిలబడి ఇంటి తాళంచెవి వెతుక్కున్నట్టు వాళ్ళ కళ్ళు వెతుకుతూనే ఉంటాయి.

"మీ పేరేంటండీ?" అని అడిగాను.

ఆయన నోరు తెరిచారు. పెదాలు వణికాయి. చివరికి ఒక పచ్చి బూతు, అక్షరం పొల్లుపోకుండా, గదంతా మోగేలా బయటికి వచ్చింది. సత్యవతి గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ధర్మారావు మొహం మాత్రం వెలిగిపోయింది.

"సూసినారా మేడమ్. ఇదే ముక్కతో నన్ను రోజూ నిద్దర లేపీవోరు. మా మేష్టారు ఎక్కడికీ పోనేదు."

ఇందులో వింత లేదు. ఆటోమేటిక్ స్పీచ్ అని ఒకటుంది. అంకెల వరస, దేవుడి శ్లోకం, తిట్లు, ఏళ్ళ తరబడి ఆలోచించకుండా అన్న మాటలు మెదడులో వేరేచోట దాక్కుంటాయి. మిగతావన్నీ పోయినా ఇవి మిగులుతాయి. మేం వాటినే పట్టుకుని మిగతా మాటల్ని లాగుతాం. అంకెలు లెక్కపెట్టమంటే మేష్టారు మూడు దగ్గర ఆగిపోయారు. శ్లోకాలు అలవాటు లేవట. నేను ఏం చెయ్యాలా అని చూస్తుంటే ధర్మారావు గొంతు సవరించుకున్నాడు.

"కూతెట్టించండి మేడమ్."

కబడ్డీలో అవతలి జట్టు కోర్టులోకి వెళ్ళినవాడు తిరిగి వచ్చేదాకా కూత ఆపకూడదు. ఊపిరి తెగితే ఆట పోయినట్టే. ధర్మారావు మెల్లిగా 'కబడ్డీ కబడ్డీ' అని మొదలుపెట్టాడు. మేష్టారు తల ఎత్తారు. రెండో ఊపులో అందుకున్నారు. ఇక ఆగలేదు. స్పష్టంగా, వరసగా, ఒకే ఊపిరి మీద వెళ్ళిపోయింది ఆ కూత. పక్క మందుల షాపు కుర్రాళ్ళు తలుపు దగ్గరికి వచ్చి చూశారు. సత్యవతి గారు ఏడ్చారు. భావనపాడు తీరంలో తెల్లారకముందే పిల్లల్ని గుండె లోతు నీళ్ళలో నిలబెట్టి ఈ కూత పెట్టించేవారట. అలలు వచ్చి మీద పడుతున్నా తెగకూడదు. తర్వాత తడి ఇసకలో పరుగు. ఇసకలో పరిగెత్తిన మోకాలికి జన్మలో ఏమీ కాదని ఆయన నమ్మకం.

అప్పటి నుంచి ఆ కూత వరస మీదే మాటలు ఎక్కించాను. 'కబడ్డీ కబడ్డీ' అని రెండుసార్లు పోయి, మూడోసారి అదే ఊపులో 'సత్యవతీ' అనాలి. వారం తిరిగేసరికి భార్య పేరు వచ్చింది. ధర్మారావుకు మాత్రం తొందర వేరే. మేష్టారు చాలా ఏళ్ళు పనిచేసిన స్కూలు మైదానానికి ఆయన పేరు పెట్టాలని పాత పిల్లలంతా పూనుకున్నారు. ఆ సభలో మేష్టారు 'అందరికీ నమస్కారం' అంటే చాలని ధర్మారావు పట్టు. సరే, అదీ నేర్పుతున్నాను.

పేషెంటు ధ్యాస మాత్రం వేరే దాని మీద ఉంది. పాఠం అయిపోయిన ప్రతిసారీ మేష్టారు ఎడమ చేత్తో ఎడమ మోకాలి మీద తట్టి, వీధి గుమ్మం వైపు చూసేవారు. పక్షవాతం వచ్చింది కుడివైపు. ఎడమ కాలు నిక్షేపంగా ఉంది. నొప్పేమో అని ఫిజియోథెరపిస్టు చేత చూపించాను. ఎక్స్‌రే తీయించాను. ఏమీ లేదు. నేను నొప్పికి పూసే ట్యూబు తెప్పించిన రోజు ఆయన దాన్ని తీసి విసిరికొట్టి, నాక్కూడా ఆ బూతు ప్రసాదించారు.

ఆ రోజు ధర్మారావు టీకి బయటికి వెళ్ళాక సత్యవతి గారు నా పక్కకి వచ్చి కూర్చున్నారు.

"ఆ మోకాలు ఆయనిది కాదమ్మా," అన్నారు.

"మరెవరిదండీ?" అన్నాను.

"నీలవేణని ఒక పిల్ల ఉండీది. మేష్టారు తయారుసేసిన పిల్లలందర్లోకీ పెద్ద ఆటకత్తె. ఇంటికి తెచ్చి మా కంచంలో అన్నం పెట్టీవోరు దానికి. పెద్ద పోటీలో ఫైనలు ముందురోజు దాని ఎడమ మోకాలు మెలిపడిపోనాది. నొప్పంది. ఇసకలో కాయ కాసిన మోకాలే, దానికేటవుతాదని గట్టిగా కట్టు కట్టించి దింపీసినారు. కప్పొచ్చింది. పిల్ల కాలు పోనాది. ఆపరేషను సేసినా మరి పరిగెట్టనేదు. ఆళ్ళ నాన్న పైవోళ్ళకి అర్జీ ఎట్టాడు. ఈయన్ని సాలూరు వైపు బదిలీ సేసీసినారు. ఇక్కడి పిల్లలకి మేష్టారు నేకుండా పోనాడని ఊరంతా ఆ పిల్లనే ఆడిపోసుకున్నాది."

"తర్వాత ఆమెను చూశారా?"

"నేదమ్మా. ఒక్కపాలి పేరు కూడా ఎత్తనేదు. మాటున్నన్నాళ్ళూ ఎత్తని పేరు, మాట పోయాక ఎత్తుదామని సూస్తన్నారు."

నేను మేష్టారి ఎదురుగా కూర్చుని, "నీలవేణి రావాలా?" అని అడిగాను. ఆయన కళ్ళు మూసుకుని తలూపారు. ఎన్నిసార్లు ఊపారో. ఆయన ఎవరినైనా బతిమాలడం అదే మొదటిసారి అయి ఉంటుంది అనిపించింది.

ధర్మారావుతో చెబితే మొహం ముడుచుకున్నాడు.

"ఆళ్ళ మూలాన్నే కదా మేడమ్ మేష్టారు ఎలిపోనారు. ఇంకో నాలుగేళ్ళు ఇక్కడుంటే ఎంతమందికి ఉజ్జోగాలొచ్చీవి. సభ ముందెట్టుకుని ఇప్పుడా మనిసెందుకు?"

"నమస్కారం చెప్పాలని నువ్వు అడుగుతున్నావు ధర్మారావూ. ఆయన అడుగుతున్నది ఇది. రోడ్డు మీద నీ మాట చెల్లుతుందేమో గానీ, ఈ గదిలో పేషెంటు మాటే చెల్లుతుంది," అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను. వారం రోజులు నాతో మాట్లాడలేదు గానీ, ఎక్కడో వాకబు చేసి వెళ్ళి ఆమెను పిలిచింది అతనే.

ఆ వారమంతా మేష్టారికీ నాకూ ఒకటే పాఠం. 'నీలవేణీ, తప్పైపోయింది.' ఈ మాటే కదా అని అడిగితే అవునని తలూపారు. కూత వరస మీద పేరు వచ్చేది. రెండోది సగంలో చెదిరిపోయేది. పట్టు విడవలేదు ఆయన. చెమటకు చొక్కా తడిసిపోయేది.

ఆమె వచ్చిన ఉదయం మేష్టారు కూత మీద ఉన్నారు. వసారాలో ఎవరో నిలబడినట్టు నీడ కనిపించి నేను బయటికి వచ్చాను. చామనఛాయ, పొడుగు మనిషి, చేతిలో అంగన్‌వాడీ సంచీ. గోడకు చెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని వింటోంది.

"లోపలికి రండమ్మా."

"ఆ కూత అవ్వనీండి," అంది. లోపల మేష్టారి ఊపిరి అయిపోయి నిశ్శబ్దం వచ్చాకే కళ్ళు తెరిచింది. "ఎన్నాళ్ళయిపోనాదమ్మా ఈ గొంతు ఇని. మా ఊళ్ళో అందరూ అడుగుతారు, మేష్టారి మీద కోపం నేదా అని. ఎందుకు నేదు, ఉన్నాది. పిల్లల దగ్గిర కింద కూకోనేను, వంటకాడ పీట మీద కూకోనేను. కానైతే కోపం కన్నా బెంగ ఎక్కువమ్మా. కలొస్తే లైను దాటి ఎల్తన్నట్టే వస్తాది. ఏడుగురూ నా సుట్టూ ఉంటారు, నా ఊపిరి తెగదు. మెలకువొచ్చినాక మంచం దిగడానికి గోడ పట్టుకుంటాను."

ఆమె లోపలికి వచ్చి గోడ పక్కనే నిలబడింది. మేష్టారు చూశారు.  నేను నేర్పిన ప్రకారం తొడ మీద వేళ్ళతో వరస కొట్టాను. ఆయన పెదాలు కలిపారు. మెడ నరాలు ఉబ్బాయి. ఊపిరి తీసుకుని,

"లెగు," అన్నారు.

ఆయనే ఉలిక్కిపడ్డారు. మళ్ళీ ప్రయత్నించారు. "లెగు. లెగు." పాత మైదానం గొంతుతో, అదే గద్దింపుతో. ఎడమ చేత్తో తన నోటి మీద తనే కొట్టుకున్నారు. నేను లేచి ఆ చెయ్యి పట్టుకున్నాను. తిట్టు ఎక్కడ దాక్కుందో ఆ మాటా అక్కడే దాక్కుంది. కొన్ని వేల సార్లు అని ఉంటారు.

నీలవేణి నా వైపు తిరిగింది. "ఆ రోజు కూడా ఇదే మాటమ్మా. నాను కోర్టులో పడిపోయున్నాను. మేష్టారు గీత అవతల నిల్చుని ఇదే మాట అన్నారు." ధర్మారావు తల వంచుకున్నాడు. ఆ రోజు కోర్టు పక్కన నీళ్ళ బిందెతో నిలబడింది అతనేనని తర్వాత చెప్పాడు.

ఆమె గోడ మీద నుంచి చెయ్యి తీసి, ఆయనకు ఎదురుగా నిలబడింది.

"లెగనేను మేష్టారూ," అంది. గొంతు పెద్దది చెయ్యలేదు. "ఆ రోజు ఈ మాట సెప్పనేకపోయాను. మీకు బయపడి లెగిసినాను. ఇంకో కూతకెల్లినాను. అప్పుడే మోకాల్లో నరం తెగిపోనాది. ఇప్పుడు సెప్తన్నాను, లెగనేను."

మేష్టారు ఆమెనే చూశారు. వరస కొట్టాలా వద్దా అని నాకు తెలియలేదు, వేళ్ళు ఆపేశాను. పక్కన ప్లాస్టిక్ కుర్చీ ఒకటి ఖాళీగా ఉంది. ఆయన బాగున్న కాలితో దాన్ని కొంచెం కొంచెంగా ఆమె వైపు తోశారు. మూరెడు దూరం తోసేసరికి ఆయాసం వచ్చింది. అప్పుడు, కూత లేకుండా, వరస లేకుండా, నేనెన్నడూ నేర్పని మాట ఒకటి అన్నారు.

"కూకో."

మళ్ళీ, "కూకో తల్లీ," అన్నారు.

ఆమె కూర్చుంది. ఎడమ కాలు వంగదు కాబట్టి ముందుకు చాపింది. ధర్మారావు వసారాలోకి వెళ్ళిపోయి వీధి వైపు మొహం పెట్టి నిలబడ్డాడు. "ఈ ఒక్క మాట ఆ రోజు అనుంటే నాను ఇంకో పదేళ్ళు ఆడుదును మేష్టారూ," అంది నీలవేణి. అప్పుడు ఏడ్చింది. ఆయన అవునని తలూపారు. కాదనలేదు, కళ్ళు దించుకోలేదు. 'తప్పైపోయింది' అన్న మాట ఆ రోజు రాలేదు. తర్వాత కూడా ఎప్పుడూ రాలేదు.

వెళ్ళేముందు ధర్మారావు ఆమె చెప్పులు దగ్గరికి జరిపి, మైదానం పేరు సంగతి తనే ఎత్తాడు. నీకిష్టం లేకపోతే ఆపించేస్తామన్నాడు.

"ఎట్టుకోండి ధర్మన్నా," అంది. "ఆయన నేర్పిన ఆటే కదా ఇప్పటికీ నాకు కల్లోకొచ్చీది. కానైతే అక్కడ ఆడే పిల్లలకి నా మోకాలి సంగతి కూడా సెప్పండి."

సభ జరిగింది. మేష్టారు నమస్కారం చెప్పారు. మరుసటి వేసవిలో పోయారు. ఆయన మంచివాడా చెడ్డవాడా అని ఇప్పటికీ నన్నడిగేవాళ్ళున్నారు. ఆ తీర్పు చెప్పే చదువు నేను చదవలేదు.

నా పని మటుకు ఆ కేసు తర్వాత మారింది. అంతకుముందు కొత్త పేషెంటు వస్తే నీళ్ళు, అన్నం, నొప్పి, ఇలాంటి అవసరమైన మాటలతో మొదలుపెట్టేదాన్ని. పుస్తకాల్లో అలాగే ఉంటుంది. ఇప్పుడు ముందుగా ఒకటే అడుగుతున్నాను, ఎవరితో మాట్లాడాలని ఉంది అని. ఒక్క మాట కూడా రానివాళ్ళు సైతం ఆ ప్రశ్నకు తల తిప్పి ఒకవైపు చూస్తారు. చాలాసార్లు అటువైపు ఎవరూ ఉండరు.