ఊడని ముడి

మాది తెనాలి. బాపట్ల స్కూల్లో హాస్టల్ గదిలో నా పక్క మంచం అమ్మాయిది చీరాల దగ్గర పల్లె, మగ్గాల ఇల్లు. నేను వాగుడుకాయని, తను మూగనోము పట్టినట్టుండేది. అయినా నెల తిరక్కుండానే ఒకే కంచంలో తినేంత స్నేహం కుదిరింది.

తొమ్మిదో తరగతిలో స్కూలువాళ్ళు మాకు తెరచాప పడవ నేర్పించారు. సూర్యలంకలో కొన్నాళ్ళు సాధన చేయించి, తీరం వెంబడే ఆగుతూ నిజాంపట్నం దాకా వెళ్ళి రావాలన్నారు. వెనకాలే ఇంజన్ పడవ వస్తుంది. సముద్రమంటే తనకి పిచ్చి పట్టింది. నేవీలో చేరతానని నా ఒక్కదానితోనే చెప్పింది. తిరుగు ప్రయాణంలో చుక్కాని తన చేతికే ఇస్తానని సార్ కూడా మాటిచ్చారు. వాళ్ళ నాన్న మాత్రం, ఏ చిన్న ప్రమాదం జరిగినా ఇంటికి తీసుకెళ్ళిపోతానని ముందే చెప్పి పంపారు.

తెరచాపని అదుపులో ఉంచే తాడుని పడవ అంచున ఉన్న తాడుముక్కకి కడతాం. ఆ ముడి కొస పట్టి లాగితే చటుక్కున ఊడిపోవాలి. పెద్ద గాలి కొట్టినప్పుడు తాడు వదలకపోతే పడవ ఒరిగిపోతుంది. తను ఆ ముడి మా అందరికంటే చక్కగా వేసేది. కానీ నిజాంపట్నం దగ్గరికొచ్చాక గాలి ఒక్కసారిగా పెరిగేసరికి, కంగారులో తన వేళ్ళు మగ్గం మీద తెగిన పోగుని అతికే ముడి వేసేశాయి. ఎంత లాగితే అంత బిగుసుకునే ముడి అది.

"తాడు వదలండి!" అని సార్ అరిచారు. తను లాగింది, నేనూ లాగాను. ఊడితే కదా! పడవ బోల్తా కొట్టింది. లైఫ్ జాకెట్లు ఉండబట్టి బతికిపోయాం. సార్ తాడు కోసి పడవని నిలబెట్టారు. ముడి మాత్రం చెక్కు చెదరలేదు.

ఫోన్ వెళ్ళగానే వాళ్ళ నాన్న నిజాంపట్నం వచ్చేశారు. చీవాట్లు తప్పవనుకున్నాం. ఆయన కోసిన తాడుముక్కని వేళ్ళతో తడిమి చూశారు.

"ఇది నేనే నేర్పానండి," అన్నారు సార్‌తో. "ఊడకుండా వెయ్యమని చిన్నప్పుడు చేతిమీద కొట్టి మరీ నేర్పాను."

"మర్చిపోతాను నాన్నా," అంది తను. "ఒట్టు. ఆ ముడే మర్చిపోతాను."

అయ్యో, ఆ మాట విని ఆయన ముఖం ఎలా వాడిపోయిందో!

"చేతికి పట్టిన అలవాటు పోదమ్మా," అన్నారు. "నువ్వొక్కదానివేనా పడవలో? ఇంతమంది పిల్లలున్నారు."

వాళ్ళిద్దర్నీ ఊరి బస్సెక్కించడానికి సారూ నేనూ రేపల్లె బస్టాండు దాకా వెళ్ళాం. దారంతా తను ఏడుస్తూనే ఉంది. బస్సు కోసం నిలబడి ఉండగా ఆయనకి మనసు ఆగలేదేమో, నావైపు తిరిగారు.

"అమ్మాయ్, ఆ ఊడే ముడి ఎట్టా వేస్తారో చూపించమ్మా. ఈ చేతులకే వస్తే దీనికి రాకుండా పోద్దా? అప్పుడు ఇక్కడే వదిలేసి పోతాను."

తను ఏడుపు ఆపేసింది. నేను సాధన కోసం జేబులో ఉంచుకున్న రెండు తాడుముక్కలతో వేసి చూపించాను. ఆయన వేశారు. లాగితే బిగుసుకుంది. మళ్ళీ వేశారు, మళ్ళీ బిగుసుకుంది. "అటు కాదు బాబాయ్, ఇటు మడవండి!" అని నేను విసుక్కున్నాను కూడా. పాపం, ఆయన నుదుటి మీద చెమట పట్టింది. ఒక్కసారి ఊడితే బాగుండునని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. చుట్టూ నలుగురు చేరి చూస్తున్నారు.

తను ఆయన చేతిలోంచి తాడు మెల్లగా తీసేసుకుంది.

"చాల్లే నాన్నా. నాకూ రాదు. ఇంటికి పోదాం పద."

"అబద్ధం, దానికి వచ్చు" అనబోయాను. తను నావైపు చూసి వద్దని తల ఊపింది. వాళ్ళ నాన్న సంచీ కూడా తనే అందుకుని బస్సెక్కింది.