ఎవరికీ దక్కని కుర్చీ

1869వ సంవత్సరం మే నెల పదిహేడవ తేదీ, సోమవారం, పగలు మూడు గంటల వేళ, కొండ దిగివచ్చిన సన్నజల్లు గుడారపు గుడ్డను తడుపుతుండగా, వెల్ష్ పల్లె పెంట్రె గ్వెర్న్ కవిసభలో తీర్పు చెప్పడానికి రెవరెండ్ థియోఫిలస్ బెవన్ గారు వేదిక ఎక్కారు. మూడవ వరుసలో కూర్చున్న రైతు ఇడ్వాల్ పెన్రీ బల్ల అంచుకు జరిగాడు. బెవన్ గారు బుద్ధెరిగిన నాటినుంచి దేనిని గురించీ "బాగుంది" అన్న పాపాన పోలేదు మరి.

భార్య మార్గెడ్ వండిన మాంసపు పులుసు రెండు గిన్నెలు ఖాళీ చేసి, "ఉప్పు మరీ ఎక్కువ కాలేదు" అనేవారు. ఆ మాట విన్న వారమంతా ఆ ఇల్లాలు నేలమీద నడిచేది కాదు. పెండ్లి జరిపించి, వధూవరులను ఎగాదిగా చూసి, "ఇంతకంటే చెడ్డ జంటల్ని చూశాను" అని దీవించేవారు. ఆ నోట అంతకుమించిన మెచ్చుకోలు రాదని ఎరిగిన పెండ్లికూతురి తల్లి కండ్లు ఒత్తుకొనేది.

ఒక ఆదివారం మందిరం నిండిన జనాన్ని చూసి, "దేవుడు మనిషిని ఆరోరోజు చేశాడు. అప్పటికి బాగా అలిసిపోయి ఉంటాడు" అన్నారు.

"మరి తమరి ప్రసంగం మాటేమిటి అయ్యగారూ?" అని సంఘపెద్ద ఒకడు రెచ్చగొట్టాడు.

"నిద్రపోయినవాళ్ళు తెలివైనవాళ్ళు."

అటువంటి మనిషిని కవిసభకు తీర్పరిగా పిలవడమంటే, తాను పాలు తాగక, ఎవరినీ తాగనీయని పిల్లిని పాలకుండకు కాపలా పెట్టడమే. ఏటేటా గెలిచిన కవికి బహుమతిగా వడ్రంగి ఓక్ కలపతో కొత్త కుర్చీ చేసేవాడు. కొమ్ము ఊది, కవిని నిలబెట్టి, అతని తలమీద కత్తి సగం దూసి "శాంతియేనా?" అని కేక వేసి, జనమంతా "శాంతి" అన్నాకే అందులో కూర్చోబెట్టడం ఆచారం. ఏటేటా బెవన్ గారు "అర్హులెవరూ లేరు" అనేవారు. దక్కనివాటిలో కొన్ని మందిరంలో పాటలవాళ్ళకు ఆసనాలైనాయి. ఒకదానిమీద గంటకొట్టేవాని కోడి గుడ్లు పెట్టింది.

ఈ ఏడు మాత్రం ఇడ్వాల్‌కు నమ్మకముంది. అంతకుముందటి ఎన్నికలలో దొర చెప్పినవానికి ఓటు వేయనందుకు, కర్నల్ దొర అతని ఇరుగుపొరుగు రైతులను పిల్లాపాపలతో సహా కౌలుభూములనుంచి గెంటించాడు. ఖాళీ ఇండ్లను చూసి, కడుపు మండి, ఇడ్వాల్ "చల్లారిన పొయ్యి" అనే కవిత వ్రాశాడు. ఆచారం ప్రకారం కవితకింద "గాలివాన పిట్ట" అన్న మారుపేరు పెట్టి, అసలు పేరు సీలు వేసిన కవరులో ఉంచాడు. గెలిచినవాని కవరు మాత్రమే విప్పుతారు.

తానూ ఆ దొర కౌలుదారేనన్న సంగతి కవిగారికి గుర్తులేదు. ఆనాటి సభాధ్యక్షుడు ఆ దొరేనన్నది కంటబడినా తలకెక్కలేదు. దొరకు వెల్ష్ ముక్క రాదు. పక్కనే ఆయన గుమాస్తా ప్రోబర్ట్ కూర్చుని చెవిలో తర్జుమా చేస్తున్నాడు. ఇడ్వాల్ కండ్లకు ఆనింది కుర్చీ ఒక్కటే.

బెవన్ గారు కళ్ళజోడు సవరించుకొన్నారు.

"గాలివాన పిట్ట అని ఒకాయన పంపాడు. చల్లారిన పొయ్యి గురించట. చదువుతుంటే నాకే చలేసింది. అర్హులెవరూ లేరు."

సభ గొల్లుమన్నది. ఇడ్వాల్ నవ్వినట్టు ముఖం పెట్టాడు.

ఇంతలో ప్రోబర్ట్ లేచాడు. "అయ్యగారూ, ఆ పిట్ట కవిత సంగతి దొరగారి చెవిన పడింది. ఆ కవరిలా ఇప్పించండి. కవి ఎవరో చూసి సత్కరిస్తారు."

"ఓడినవాడి కవరు విప్పకూడదు. అది నియమం."

"అధ్యక్షులే అడుగుతుంటేనండీ?"

"అలాగా?" అంటూ బెవన్ గారు కవరును చుట్టచుట్టి, అగ్గిపుల్ల గీసి అంటించి, దానితో తన పొగాకు మట్టిగొట్టం వెలిగించుకొన్నారు. రెండు దమ్ములు లాగి, "కాగితం కూడా నాసిరకమే" అన్నారు.

తన పేరు పొగై పోతుంటే ఇడ్వాల్ కండ్లారా చూశాడు.

"ఆ ప్రోబర్ట్‌కున్న పాటి రసజ్ఞత లేదు ఈ ముసలాడికి!" అని ఇంటికి వచ్చి పొయ్యిముందు గింజుకొన్నాడు. "పాపం, సత్కరిస్తామన్నాడు!"

"పోనీలెండి," అన్నది భార్య కాట్రిన్. "ఆ కుర్చీ మన గుమ్మంలో పట్టదు."

ఆపైన అతడు ఒక్క పాదం వ్రాయలేదు. బెవన్ గారు ఎదురైతే గోడవైపు తిరిగేవాడు. ప్రసంగం సాగుతుంటే బిగ్గరగా దగ్గేవాడు. అన్నిటికంటే మంట ఏమంటే, ఆనాటి కుర్చీ బెవన్ గారి వంటింటికే చేరింది. "తీర్పరిగారు తీర్పు తనకే ఇచ్చుకున్నారు" అని ఊరు నవ్వింది. ఆయన మాత్రం కీళ్ళనొప్పులతో మూలుగుతూ ముక్కాలిపీటమీదే కూర్చొనేవారు. కుర్చీమీద పిల్లి ఎక్కినా అదిలించేవారు.

ఐదేండ్లకు దొర చనిపోయాడు. ఎస్టేటు చేతులు మారింది. ఆ శరత్కాలంలో ఇడ్వాల్ తెగించి బెవన్ గారి గడప తొక్కాడు.

"నేను పక్కూరి సంఘానికి మారిపోతున్నాను. బదిలీ పత్రం రాసివ్వండి."

"ప్రోబర్ట్ వెళ్ళిపోయాడా?"

"నిన్న బండెక్కాడు. నేనడిగింది పత్రం!"

"కూర్చోవయ్యా."

"ఎక్కడ?"

బెవన్ గారు గడ్డంతో కుర్చీవైపు చూపారు. పిల్లికి కూడా లేని భాగ్యానికి బెదిరి ఇడ్వాల్ అంచుమీద ఆనుకొన్నాడు. ముసలాయన కండ్లు మూసుకొని మొదలుపెట్టారు. "చల్లారిన పొయ్యి" మొదటినుంచి చివరిదాకా, పాదం పొల్లుపోకుండా, తడుముకోకుండా. ఇడ్వాల్ టోపీ చేతిలో నలిగిపోయింది.

"నాదని మీకెట్లా తెలుసు?"

"ఒంటికొమ్ము ఆవు ఈ లోయలో నీకొక్కడికే ఉంది. దాన్ని తెచ్చి నాలుగో చరణంలో కట్టేశావు కదరా తెలివితక్కువవాడా! ఆ కవిత నలుగురిలో చదివితే ప్రోబర్ట్ ఆవును వెతుక్కుంటూ వచ్చేవాడు. కొమ్ము ఊది, కత్తి దూసి, నిన్ను నిలబెట్టి, మీ కొంప ఫలానా అని నేనే దొరకి చూపించనా? నీకు కుర్చీ కావాలి, కాట్రిన్‌కి పొయ్యి కావాలి. రెండూ ఇప్పించడం నా చేత కాలేదు."

"ఐదేళ్ళు... నేను మళ్ళీ రాయలేదండీ."

"రాసుంటే ఈసారి గుర్రాన్ని కూడా చరణంలో కట్టేసేవాడివి."

ఇడ్వాల్ నలిగిన టోపీని మోకాలిమీద సాపుచేశాడు. గెంటిన కుటుంబాలు తిరిగిరాలేదు. పోయిన ఐదేండ్లూ రావు. ఆఖరికి అడిగాడు: "పోనీ, కవిత... బాగుందా?"

"ఆరో చరణం కుంటుతోంది."

అని, బెవన్ గారు పొయ్యిలోని ఇనుపకడ్డీని సభలో కత్తి దూసినట్టు సగం పైకెత్తి, గంభీరంగా, "శాంతియేనా?" అని కేక వేశారు.

జనమంతా పలకవలసిన జవాబు మార్గెడమ్మ ఒక్కతే లోపలినుంచి పలికింది: "శాంతే గానీ, ఆ బూడిద నేలమీద పొయ్యకండి!"

ఇడ్వాల్ బదిలీ పత్రం తీసుకోలేదు. బెవన్ గారిచ్చిన కుర్చీ అతని గుమ్మంలో నిజంగానే పట్టలేదు. దాని చేయి ఒకటి కోసి లోపల పెట్టారు. ఆరవ చరణాన్ని మూడుసార్లు తిరగవ్రాశాడు, కుంటు పోలేదు. బెవన్ గారు 1881లో పోయారు. సమాధిరాతిమీద చెక్కించిన వాక్యం ఇడ్వాల్ వ్రాసిచ్చినదే: "ఇంతకంటే చెడ్డవారిని చూశాము." సంఘంలో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.