సాల్మన్ జాబ్ మీద నా నంబరు

అరచేతిలో పట్టేంత ఇనుప ముక్క ఒకటి ముప్పై ఏళ్లుగా నా గుండె మీద ఉంది. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

తొంభైల్లో భిలాయిలో ఐటీఐ చదివాను, ఫిట్టర్ ట్రేడ్. మా నాన్న విజయనగరం వైపు నుంచి వచ్చి అక్కడి ఉక్కు ప్లాంటులో చేరినవాడు. ఖుర్సీపార్‌లో ఉండేవాళ్లం. నా పక్క బెంచీ సాల్మన్‌ది. చరోదా రైల్వే కాలనీ నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. ఆకురాయి పట్టాడంటే సార్ కూడా ఆగి చూసేవారు.

చివరి పరీక్షలో ఇనుప పలకకు చదరపు గాడి తీసి, అందులో ఇంకో ముక్కను కూర్చోబెట్టాలి. వెలుతురుకు పెడితే సందు కనబడకూడదు. దాన్నే జాబ్ అనేవాళ్లం. పూర్తయ్యాక ఎవరి రోల్ నంబరు వాళ్లు పంచ్‌తో కొట్టి సార్‌కు ఇవ్వాలి. నంబరు పడ్డాక ఇక అది ఎవరిదన్న మాటే లేదు. మంచి మార్కులొచ్చిన వాళ్లకే ప్లాంటులో అప్రెంటిస్ సీటు.

నాకు కుదురు తక్కువ. ఓ మూల ఎక్కువగా అరగదీశాను, సందులో ఈగ దూరేలా ఉంది. సాల్మన్ జాబ్ ముగించి, నంబరు కొట్టకుండానే నీళ్లు తాగడానికి వెళ్లాడు. నాదాన్ని అతని బెంచీ మీద పెట్టాను. అతనిదాని మీద నా నంబరు కొట్టేశాను. అంతే. అంత తేలికగా చెయ్యగలనని నాకే తెలియదు. భయపడ్డానా? లేదు, హాయిగా ఉంది. ఇన్నేళ్లూ నన్ను తినేసింది ఆ హాయే.

అతను తిరిగొచ్చి బెంచీ వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. సార్‌ను పిలవలేదు. మిగిలిన కాసేపట్లో ఆ చెడిపోయిన మూలను సరిచేయాలని చూసి, కుదరక, దాని మీదే తన నంబరు కొట్టుకున్నాడు. సీటు నాకొచ్చింది. అతనికి రాలేదు, ఏడాది పోయింది.

ఫలితాలొచ్చిన వారం టీ కొట్టు దగ్గర అడిగాడు.

"ఒరే, నిజం సెప్పు. నువ్విచ్చిన ఆ జాబ్ నాది కాదేట్రా?"

"కాదు," అన్నాను. కళ్లలోకి చూసే అన్నాను.

టీ గ్లాసు కింద పెట్టాడు. "సర్లే, ఛోడ్ యార్. ప్లాంటుకి ఎల్తన్నావు కదా, ఈ సేతితో ఎలితే నాల్రోజుల్లో తిప్పి పంపిస్తారు. ఆదివారాలు మా ఇంటికి రా. నేర్పుతాను."

వెళ్లాను. సిగ్గు లేకుండా వెళ్లాను. వాళ్ల క్వార్టర్ వెనక బల్లకు, ఇనుప ముక్కను కదలకుండా పట్టి ఉంచే వైస్ బిగించుకున్నాడు. నా వెనక నిలబడి, నా చేతుల మీద చేతులు వేసి, భుజం ఎప్పుడు కదలాలో, బరువు ఎక్కడ వదలాలో ఏడాదిపాటు నేర్పాడు. ప్రార్థన నుంచి వచ్చి వాళ్లమ్మ ఇద్దరికీ ఒకే కంచంలో అన్నం పెట్టేది. దొంగకు అన్నం పెడుతున్నానని ఆవిడకు తెలుసా? సాల్మన్‌కు తెలుసు. తెలిసీ నేర్పాడు. ఆ పెద్ద మనసుకు నేను ఏ జన్మలోనూ సరితూగను. నా పిల్లలు తిన్న ప్రతి ముద్దా అతను పెట్టిందే.

ప్లాంటులో నా పని చూసి ఎవరైనా మెచ్చుకుంటే వెంటనే అనేవాడిని, "మా సాల్మన్ నేర్పాడు" అని. గర్వంగా అనేవాడిని. నా మనసెంత మంచిదో అని మురిసిపోయేవాడిని కూడా. అతని ముందే నలుగురిలో ఆ మాట అన్నాను. అతను నవ్వాడు. గురువని ఊరంతా చాటాను గానీ, అతని ఏడాదిని ఎత్తుకుపోయింది నేనేనని మాత్రం ఎవరికీ చెప్పలేదు. అంత పొగిడింది కృతజ్ఞతతోనా, లేక ఆ రెండో మాట నోటికి రాకుండా ఉండాలనా? రెండూనేమో.

క్షమించమని అడగడానికి ఇది రాయలేదు. క్షమించాల్సింది మీరు కాదు. నేను దొంగిలించాను. అడిగితే అబద్ధమాడాను. ఈ రెండు వాక్యాలు రాయడానికి నాకు ముప్పై ఏళ్లు పట్టింది.